దానికి లెటర్ కావాలట

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇల్లు. రేపు వ్రతం. కిరాణా కొట్టుకివ్వాల్సిన సామాన్ల చీటీ కంప్యూటర్లో ఉంది. చేత్తో రాస్తే రెండు నిమిషాల పని. కానీ ఇంట్లో ప్రింటరుంది కదా.)

ఆవిడ: ఏవండీ, పదకొండైంది. చీటీ వచ్చిందా?

ఆయన: వస్తోంది.

ఆవిడ: తొమ్మిదింటికి ఉప్మా కలుపుతుంటే కూడా ఇదే అన్నారు.

ఆయన: ఇది విండోస్ కాదే, ఉబుంటు. కంప్యూటర్ని నడిపే లినక్స్‌లో ఒక రకం. కాస్త లాలించాలి.

ఆవిడ: ఉన్నదాన్నే ఉంచుకోలేకపోయారూ?

ఆయన: 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కాలం చెల్లింది. 11 ఈ ముసలి డబ్బాలోకి ఎక్కనంది. అందుకే అబ్బాయి సంక్రాంతికొచ్చినప్పుడు ఇది వేసి వెళ్లాడు. పైసా ఖర్చులేదు.

ఆవిడ: ఊరికే ఎందుకిస్తారో ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన: ప్రింటర్‌ని తనే కనిపెట్టింది తెలుసా! డ్రైవర్ కూడా అక్కర్లేదంది.

ఆవిడ: అందుకే కదలట్లేదు.

ఆయన: నీ మొహం. కప్స్ చూడాలి.

ఆవిడ: కప్పులు కడిగి బోర్లించాను. మళ్లీ కాఫీ అడక్కండి.

ఆయన: ఆ కప్పులు కాదే! లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే ప్రోగ్రామ్. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 631 అని కొడితే తెరుచుకుంటుంది.

ఆవిడ: 631 ఎక్కితే బెంజిసర్కిల్‌లో దించుతాడా?

ఆయన: అదిగో, ‘ప్రాసెసింగ్’ అంటోంది. రీస్టార్ట్ చేస్తానుండు. సుడో అని కమాండ్ కొట్టి... ఇదేంటి, పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్కా కనపడదే!

ఆవిడ: నాకు కనపడుతున్నాయిలెండి, పొద్దుట్నుంచీ. (ప్రింటర్ మీదికి వంగి) ఇదిగో, ఈ బుల్లితెర మీద ఏదో అడుగుతోంది. లెటర్ కావాలట.

ఆయన: లెటరా?

ఆవిడ: అర్జీ పెట్టుకోమంటోందేమో. ఇదివరకు ఏ ఆఫీసులో పనిచేసిందో.

ఆయన: (నుదురు కొట్టుకుని) ఓరి దీని! లెటరంటే అమెరికా కాగితం సైజే. 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడుగు. మన ఏ4 ఏమో 210, 297. వాడు భాష అమెరికా ఇంగ్లీషని పెట్టి వెళ్లాడు, కాగితం కూడా అక్కడిదే అనుకుంది!

ఆవిడ: వాడే నయం, ఇంటికొస్తే ఆవకాయన్నం తింటాడు.

ఆయన: ఇదిగో, ఏ4కి మార్చేశా. ప్రింట్ కొట్టా... కదల్లేదే!

ఆవిడ: ముందు కొట్టినవి క్యూలో ముందుండవూ? రేషన్ షాపు దగ్గర ఎప్పుడూ నిలబడలేదా మీరు?

ఆయన: (గొంతు తగ్గించి) అవన్నీ లెటర్ సైజువే.

ఆవిడ: అవన్నీ అంటే? ఎన్నిసార్లు నొక్కారండీ?

ఆయన: రాలేదు కదాని... మధ్యమధ్యలో.

(ఆవిడ ప్రింటర్ మీదున్న ఓకే బొత్తాం నొక్కింది. గర్రుమని ఒకటొచ్చింది. మళ్లీ నొక్కితే మరొకటి.)

ఆవిడ: పసుపు పావుకిలో, తమలపాకులు వంద... మళ్లీ పసుపు పావుకిలో... పదకొండు చీటీలు! కొట్టతను పెళ్లనుకుంటాడు.

ఆయన: క్యాన్సిల్ చేసుండాల్సింది.

ఆవిడ: ఉండనివ్వండి, వెనక తెల్లగానే ఉంది, పాల లెక్కకి పనికొస్తాయి. అది సరే, ఇందులో గోధుమ రవ్వేదీ? ప్రసాదం దేంతో చెయ్యను?

ఆయన: ఎంతసేపు, ఇప్పుడే చేర్చి కొట్టేస్తా!

ఆవిడ: ఆ మౌస్ ముట్టుకున్నారంటే ఊరుకోను. పెన్నిలా ఇవ్వండి.