సవరణ: ఆ 25 స్ట్రైకౌట్లు ఫైనల్లోవి కావు

అమెరికా సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) పిచ్చర్, అంటే బంతి విసిరే క్రీడాకారిణి, లీసా ఫెర్నాండెజ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, 2000 సిడ్నీ ఒలింపిక్స్ సాఫ్ట్‌బాల్ ఫైనల్లో ఆమె 25 స్ట్రైకౌట్లతో (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేయడం) అమెరికాకు స్వర్ణం తెచ్చారని రాశాను. అది తప్పు. ఒలింపిక్ మ్యాచ్ రికార్డులు మళ్లీ చూశాను. ఆ 25 స్ట్రైకౌట్లు లీగ్ దశలో, ఆస్ట్రేలియా మీద. పైగా ఆ మ్యాచ్ అమెరికా ఓడిపోయింది! మామూలుగా 7 ఇన్నింగ్స్‌లో తేలిపోయే ఆట 13 దాకా సాగింది. చివర్లో పీటా ఎడెబోన్ హోమ్ రన్ (బంతిని కంచె అవతలికి కొట్టే షాట్) కొట్టడంతో ఆస్ట్రేలియా 2-1తో గట్టెక్కింది. ఫైనల్ ఆడింది జపాన్‌తో. 8 ఇన్నింగ్స్, అమెరికా గెలుపు, స్కోరు మళ్లీ 2-1. రెండు మ్యాచ్‌లనూ నేనే కలిపేశాను, పొరపాటు నాది.

లీసా గెలిచిన 1996, 2000, 2004 ఒలింపిక్ స్వర్ణాలు, తర్వాత తను చదివిన లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ యూసీఎల్‌ఏలోనే పిచ్చర్లకు కోచ్ కావడం, ఈ వివరాల్లో మార్పు లేదు.