ఆల్ఫా-అమైలేస్ గారికి, తమ బొమ్మ విషయమై

బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే మట్టి బాక్టీరియా వారి, పిండిని కోసే ఎంజైము ఆల్ఫా-అమైలేస్ గారి దివ్య సముఖానికి,

తమరు నన్నెరుగరు. తమకు కళ్లూ చెవులూ లేవు, ఉన్నదల్లా ఒక గాడి. ఆ గాడిలోకి వచ్చి పడింది పిండిపదార్థమా కాదా అన్నదొక్కటే తమకు పట్టిన సంగతి. నేను మాత్రం తమరిని బాగానే ఎరుగుదును. కంప్యూటర్ తెర మీద తమ త్రిమితీయ రూపాన్ని కుడికీ ఎడమకీ తిప్పి, తలకిందులు చేసి చూడటం నా నిత్యకృత్యం. చుట్టలు తిరిగిన సర్పిలాలకు ఒక రంగు, బాణాల్లాంటి పోగులకు ఒక రంగు, మధ్యలో లోహ అయాన్లకు గుండ్రటి బిళ్లలు. చూడముచ్చటగా ఉంటారు, కాదనను. నా ఫిర్యాదు ఆ ముచ్చట మీదే.

తమరు చేసే పని ఏమిటి? పిండి గొలుసులో పక్కపక్కనున్న రెండు గ్లూకోజుల మధ్య బంధాన్ని నీటితో తెంచడం. అంతే. అదే గొలుసును ఆమ్లంలో వేసి కాచినా తెగుతుంది. ఆ ఆమ్లం ఎన్నడైనా తన బొమ్మ వేయించుకుందా? తమకు మాత్రం 483 అమైనో ఆమ్లాలు కావలసి వచ్చాయి. నిజానికి బాక్టీరియా అల్లేది 512. అందులో మొదటి 29 తమరిని కణం పొర దాటించడానికి వెంట వచ్చినవి. దాటించగానే వాటిని కోసి పారేస్తారు, కృతజ్ఞత సంగతి అడగను. మిగిలిన 483లో కోత పనిలో నేరుగా చెయ్యి పెట్టేవి మూడంటే మూడు: 231వ స్థానంలో ఒక ఆస్పార్టిక్ ఆమ్లం, 261లో గ్లుటామిక్ ఆమ్లం, 328లో మరో ఆస్పార్టిక్ ఆమ్లం. తక్కిన 480ని అడిగితే "ఆ మూడింటినీ సరైన చోట నిలబెడుతున్నాం" అంటాయి. జవాబు నిజమే. కానీ ఆ మాట నిజమని తేల్చుకోవడానికి మనుషులు తమరిని స్ఫటికంగా పెంచి, ఎక్స్-కిరణాలు గుప్పించి, చుక్కలు లెక్కపెట్టుకుంటూ ఏళ్లు గడపవలసి వచ్చింది.

పోనీ, ఆ కట్టడమైనా తమ సొంతమా? లోపల వలయంగా ఎనిమిది బీటా పోగులు, వాటిని చుట్టి ఎనిమిది ఆల్ఫా సర్పిలాలు, మొత్తం కలిసి ఒక పీపా. ఈ నమూనా 1975లో కోడి కండరంలోని ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైములో బయటపడింది. ఆ తర్వాత ఎక్కడ వెదికితే అక్కడ అదే పీపా. ఆకారం తెలిసిన ఎంజైముల్లో దాదాపు పదింట ఒకటి దీనితోనే నెట్టుకొస్తోంది. తమ తెలివి కనిపించేది మూడో పోగుకూ మూడో సర్పిలానికీ మధ్య. చిన్న మలుపుతో సరిపోయే ఆ చోట తమరు సుమారు వంద అమైనో ఆమ్లాల పొడవున ఒక విభాగాన్నే పెంచారు. పీపా పేరు ‘ఏ’ (A) విభాగం, ఈ పెంపకానిది ‘బీ’ (B). రెండింటి నడుమ ఏర్పడిన లోయలోనే పిండి గొలుసు వచ్చి ఒదుగుతుంది, ఆ మూడు ఆమ్లాలూ అక్కడే కాపు కాస్తాయి. ఇది మాత్రం మెచ్చుకోవలసిందే. సీ విభాగం ఒకటుంది, పీపాకు అవతలి పక్కన, లోయకు దూరంగా, బీటా పోగులను రెండు పలకలుగా పేర్చుకుని. కోతలో దానికి నేరుగా పాత్ర లేదు. బొమ్మలో చోటు మాత్రం ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గొలుసు లోయలో ఒదగ్గానే 261వ గ్లుటామిక్ ఆమ్లం బంధంలోని ఆక్సిజన్‌కు ఒక ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ కేంద్రకాన్ని, అందిస్తుంది. అదే సమయంలో ఇవతలి వైపు నుంచి 231వ ఆస్పార్టిక్ ఆమ్లం చక్కెరను పట్టుకుంటుంది. 328 ఆ చక్కెర వలయాన్ని వంచి పట్టడానికి సాయపడుతుంది. గొలుసులో ఒక ముక్క విడిపోయి వెళ్లిపోతుంది, రెండో ముక్క మాత్రం 231కి అతుక్కుని మిగులుతుంది. అప్పుడు ఒక నీటి అణువు వస్తుంది. 261 దాని నుంచి ప్రోటాన్‌ను వెనక్కి తీసుకుంటుంది, నీటిలో మిగిలిన భాగం చక్కెరను తమ పట్టు నుంచి విడిపిస్తుంది. మొదటి అడుగులో చక్కెర బంధం దిశ తిరగబడుతుంది, రెండో అడుగులో మళ్లీ తిరగబడి యథాస్థితికి వస్తుంది. ఇలా రెండు అడుగుల్లో జరుగుతుందని కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్త 1953లోనే, తమ మొహం ఎవరూ చూడకముందే, ఊహించి చెప్పాడు.

ఈ కథలో నాయకులెవరు? ఒక ప్రోటాన్, ఒక నీటి అణువు. తమ బొమ్మలో వాటి జాడ ఏది? రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల (పరమాణువులను కొలిచే అతి చిన్న కొలత) చుట్టుపక్కల స్పష్టతలో ఎక్స్-కిరణాలకు హైడ్రోజన్ చిక్కదు కాబట్టి ప్రోటాన్ లేదు. నీటి అణువులు కొన్ని చిక్కినా, బొమ్మ అందం చెడుతుందని గీసేవారే వాటిని చెరిపేస్తారు. కదలిక సంగతి సరే సరి. పని చేసేవి కనిపించకుండా, పనికి ఆసరాగా ఉన్నవి మాత్రం నిలువెత్తు రంగుల్లో నిలబడిన చిత్రపటం అది. దాన్ని చూపించి, ఎంజైము ఎలా పనిచేస్తుందో ఇదిగో చూడండి అంటారు. తమరేమో నోరు మెదపరు.

ఇక తమ నగల సంగతి. ఏ, బీ విభాగాల మధ్య ఒక కాల్షియం, ఒక సోడియం, మళ్లీ ఒక కాల్షియం వరుసగా ధరించారు. ఏ, సీ విభాగాల మధ్య ఇంకో కాల్షియం. ఇందులో ఏదీ తమ సొత్తు కాదు, చుట్టూ ఉన్న ద్రావణం నుంచి తెచ్చుకున్నవే. అరువు సొమ్ము బరువు చేటు, తియ్యపెట్ట తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు అని పెద్దలు ఊరికే అనలేదు. 1995లో 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో తమ తొలి రూపం అచ్చయినప్పుడు ఆ కాల్షియం ఒంటి మీద లేదు. ఫలితం? లోయ ఒడ్డున ఉండవలసిన భాగం స్థిరమైన ఆకారం లేక బొమ్మలోంచే జారిపోయింది. కోత జరిగే చోటే ఖాళీ! నగలన్నీ పెట్టుకున్న రూపం 1998లో వచ్చాకగానీ తెలియలేదు, ఆ లోహాలు అలంకారం కాదని, ఆ ఒడ్డును ఒక రూపానికి తెచ్చి పనికి సిద్ధం చేసేవి అవేనని.

వంశ గౌరవం గురించి తమ అభిమానులు చెబుతుంటారు. నిజమే, 1833లో పాయెన్, పెర్సోజ్ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి వేరు చేసిన డయాస్టేజ్ తమ బంధుకోటిలోదే, ఎంజైములన్నిటికీ అదే మొదటి పరిచయం. ఆస్పెర్‌జిల్లస్ ఒరైజే అనే శిలీంధ్రపు అమైలేస్ కూడా తమ కన్నా ముందే, 1980లలోనే, జపాన్‌లో బొమ్మ వేయించుకుంది. తమరు ఆలస్యంగా వచ్చారు. వచ్చాక మాత్రం ఎక్కడా తగ్గలేదు.

వేడి విషయంలో మరీనూ. తమరిని కన్న బాక్టీరియాకు యాభై డిగ్రీల చుట్టుపక్కల హాయి. తమరు పిండిని ద్రవంగా మార్చే కర్మాగారాల్లో వంద డిగ్రీలు దాటిన గంజిలో కూడా పని చేస్తారు. కన్నవారు ఎన్నడూ కాపురం చేయలేని చోట ఉద్యోగం ఎందుకు నేర్చుకున్నారో? పైగా చాలా ప్రోటీన్లు వేడికి విడిపోకుండా వాడుకునే గంధకపు కట్లు తమలో ఒక్కటీ లేవు. అందుకు కావలసిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లమే లేదు. అంత వేడిని తట్టుకుని, బట్టల పొడిలోని బ్లీచింగ్ రసాయనానికి మాత్రం లొంగిపోయారు. 197వ స్థానంలోని మెథియోనిన్‌కు ఆక్సిజన్ తగిలితే చాలు, తమ జోరు పడిపోతుంది. మనుషులే దాన్ని తీసి అక్కడ ల్యూసీన్ పెట్టి గట్టెక్కించారు.

పంతాల సంగతి కూడా చెప్పాలి. పిండిలో కొమ్మలు చీలే చోట ఉండే ఆల్ఫా-1,6 బంధాన్ని తమరు తాకరు. కొమ్మ మిగిలిన ముక్కలను ఇంకెవరో వచ్చి సరిచేయాలి. సెల్యులోజ్‌లోనూ ఉన్నది గ్లూకోజే, బంధం దిశ ఒక్కటే తేడా. దాని వంకైనా చూడరు.

చివరిగా, అకార్బోస్ ఉదంతం. మధుమేహానికి మందుగా వాడే ఈ పదార్థం నాలుగు ముక్కల నకిలీ చక్కెర. ఒక చోట ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉండటంతో అక్కడ తమరు కోయలేరు. తమ నోరు కట్టేసి, కదలకుండా కూర్చోబెట్టి బొమ్మ తీయాలని దాన్ని వాడారు. ఆ ప్రయోగంలో తమరు ఒంటరిగా లేరు. మొదటి 300 అమైనో ఆమ్లాలు బాసిల్లస్ అమైలోలిక్విఫేసియెన్స్ వారివి, తక్కినవి తమవి, అలా అతికించిన రూపం. 2000లో ఫలితం అచ్చయింది. లోయలో నాలుగు ముక్కల అకార్బోస్ ఉండాలి కదా? ఉన్నది పది ముక్కల గొలుసు! 231కి చక్కెర అతుక్కుని నీటి కోసం ఎదురుచూసే ఆ మధ్య అడుగులో, నీటి బదులు మరో గొలుసును రానిచ్చి, తెంచవలసిన తమరే అతికించారు. నోటికి కట్టిన గుడ్డను పట్టుకుని పొడుగ్గా నేసుకున్నారన్నమాట.

కాబట్టి తమరు కదలరన్న ఆరోపణను ఉపసంహరించుకుంటున్నాను. దాని స్థానంలో, ఫొటో తీస్తుండగా కదిలారన్న కొత్త ఆరోపణ చేరుస్తున్నాను. వచ్చే స్ఫటికంలోనైనా ఆ నీటి అణువుకు పక్కన కాస్త చోటిచ్చి నిలబడగలరు.

ఇట్లు,
తమ బొమ్మను తిప్పి తిప్పి చూసే ఒక పాఠకుడు