జెండాలకే చరిత్రా?

అంటార్కిటికా చూడటానికి వెళ్లే పర్యాటకుల సంఖ్య ఏడాదికి లక్ష దాటింది. వారిలో అత్యధికులను ఓడలు చేర్చేది అంటార్కిటిక్ ద్వీపకల్పానికి, దాని చేరువలోని దక్షిణ షెట్లాండ్ దీవులకు. రెండు వందల ఏళ్ల కిందట సీల్ అనే సముద్ర జంతువుల వేటగాళ్లు రాళ్లు పేర్చి కట్టుకున్న గుడిసెల శిథిలాలు ఉన్నది కూడా ఆ దీవుల్లోనే. ఆ మంచు ప్రాంతంలో మనుషులు తలదాచుకుని బతికిన తొలి ఆనవాళ్లివి. వీటిని కాపాడతామని అంటార్కిటిక్ ఒడంబడికపై సంతకాలు చేసిన దేశాలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాయి.

1819 ఫిబ్రవరిలో బ్రిటిష్ నావికుడు విలియం స్మిత్ ఈ దీవులను చూసిన మాట బయటకు పొక్కగానే బ్రిటన్, అమెరికా వేట ఓడలు ఎగబడ్డాయి. 1821, 1822 సంవత్సరాల్లోనే ఇక్కడ 3,20,000 సీళ్లను చంపి తోళ్లు ఒలిచారని, తల్లులను పోగొట్టుకున్న పిల్లలు మరో లక్ష దాకా చనిపోయి ఉంటాయని, స్వయంగా సీల్ వేట ఓడ నడిపిన జేమ్స్ వెడెల్ అంచనా కట్టారు. కొద్ది వేసవులు గడిచేసరికి చంపడానికి ఏమీ మిగలలేదు. ఏ తీరాన సీళ్లున్నాయో పోటీ ఓడలకు తెలియనివ్వకూడదన్న గుట్టు వల్ల ఈ వేటకు రాతపూర్వక ఆధారాలు అరకొరగానే ఉన్నాయి. అవి చెప్పేదీ కెప్టెన్ల గురించి, సరుకు గురించి తప్ప, కత్తి పట్టి తోలు ఒలిచిన కూలీల గురించి కాదు.

ఆ కూలీల సంగతి చెప్పగలిగింది ఈ దీవుల్లో ఒకటైన లివింగ్‌స్టన్ దీవిలోని బైయర్స్ ద్వీపకల్పం వంటి చోట్ల మిగిలిన నేల ఒక్కటే. బండరాయికి ఆనించి పేర్చిన పొట్టి గోడ, దానిమీద తెరచాప గుడ్డనో సీల్ తోలునో నిలపడానికి వాసాలుగా వాడిన తిమింగలం పక్కటెముకలు, కూర్చోవడానికి పీటగా మారిన తిమింగలం వెన్నుపూస, కట్టెపుల్ల దొరకని చోట సీల్ కొవ్వునూ ఎముకలనూ మండించిన పొయ్యి, పొగతాగిన మట్టి గొట్టాల ముక్కలు, సీసా పెంకులు, అరిగి చిరిగిన తోలు బూట్లు పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డాయి. 1985లో అదే దీవిలోని కేప్ షిరెఫ్ తీరాన దొరికిన పుర్రె దక్షిణ చిలీ ఆదివాసీ యువతిదని పరిశోధకులు భావించారు. ఆమె అక్కడికి ఎలా చేరిందో చెప్పే కాగితం ఏదీ లేదు.

ఈ సాక్ష్యం ఏటేటా తరిగిపోతున్నది. మంచు గడ్డకట్టి కరిగే ప్రతిసారీ రాళ్లు కదులుతున్నాయి, తుపాను అలలు తీరాన్ని కోసేస్తున్నాయి, టన్నుల బరువుండే ఏనుగు సీళ్లు గోడల మీదే పొర్లుతున్నాయి. గుర్తుగా ఉంటుందని ఒక పెంకు ముక్కను జేబులో వేసుకునే మనిషి చేసే చేటు వీటికి అదనం.

ఒడంబడిక కింద 'చారిత్రక స్థలాలు, స్మారకాల' జాబితా ఉంది. అందులో చేరినదాన్ని చెడగొట్టరాదు, కదిలించరాదు. తొంభైకి పైగా ఉన్న ఆ పద్దులను తిరగేస్తే ధ్రువ అన్వేషకులు స్కాట్, షాకల్టన్‌ల కుటీరాలు కనిపిస్తాయి, అది సబబే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఏమిటి? ఫలానా దేశపు దళం ఫలానా తేదీన ఇక్కడ అడుగుపెట్టిందని చాటే ఫలకాలు, శిలువలు, విగ్రహాలు. సోవియట్ దళం మంచు మధ్యలో నిలిపిన లెనిన్ విగ్రహానికి చోటుంది. 1982 జనవరి 9న దిగిన మన తొలి యాత్రా బృందం పేర్లున్న దక్షిణ గంగోత్రి ఫలకం 44వ సంఖ్యతో అక్కడే ఉంది. వాటిని తీసేయమని మేము అనడం లేదు. కానీ దేశాలు ప్రతిపాదిస్తేనే పేరెక్కే జాబితాలో ఏ దేశమూ తనవారని చెప్పుకోని కూలీల గుడిసెలను ఎవరు ప్రతిపాదిస్తారు? జెండా పాతిన చోటే చరిత్ర, జెండా లేని చోట రాళ్లకుప్ప! మానవాళి వారసత్వమంటూ ఉపన్యాసాలిచ్చే దేశాల ద్వంద్వనీతి ఇది.

బైయర్స్‌కు 1966 నుంచీ ప్రత్యేక రక్షణ ఉన్న మాట నిజమే. అక్కడ అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు. అటువంటి హద్దుల వెలుపలి తీరాల మాటేమిటి? 1958కి ముందునాటి అవశేషం కొత్తగా బయటపడితే మూడేళ్లపాటు తాత్కాలిక రక్షణ ఇవ్వాలని 2001లో ఒక తీర్మానం చేశారు. ఆ మూడేళ్లలో ఏదో ఒక దేశం పూనుకోవాలి, అంటే మళ్లీ జెండా దగ్గరికే రావాలి. ఉత్తర ధ్రువం వైపు తన దీవులైన స్వాల్‌బార్డ్‌లో నార్వే ఇంత తిరకాసు పెట్టలేదు. అక్కడ 2001 నాటి చట్టం ప్రకారం 1946కు ముందునాటి ప్రతి మానవ అవశేషానికీ, దాని చుట్టూ 100 మీటర్ల మేరకూ రక్షణ దానంతటదే వర్తిస్తుంది. అది వేటగాడి గుడిసెనా, రాజుగారి నౌకాదళానిదా అని చట్టం అడగదు.

లక్షల ప్రాణులను ఊచకోత కోసిన చోట్లను ప్రకృతికే వదిలేయాలని, ఉన్న డబ్బు బతికున్న సీళ్లకు ఖర్చుపెట్టాలని కొందరు పర్యావరణవాదుల వాదన. నేరం జరిగిన చోటును చెరిపేయడం బాధితులకు చేసే న్యాయం ఎలా అవుతుంది? లాభం కోసం ఒక జీవజాతిని కొద్ది ఏళ్లలోనే తుడిచిపెట్టే దాకా తెచ్చిన వ్యాపారానికి ఆ పొయ్యిలోని ఎముకలే సాక్ష్యం. వీరగాథలు దాచుకుని, సిగ్గుపడాల్సినవి కరిగిపోనిచ్చే జాబితా చరిత్ర జాబితా కాదు.

భారత్ 1983 నుంచీ ఒడంబడికలో నిర్ణయాధికారమున్న దేశం. 2022లో సొంతంగా అంటార్కిటిక్ చట్టం చేసుకుంది, 2024 మే నెలలో కొచ్చిలో ఒడంబడిక దేశాల సమావేశానికి ఆతిథ్యమిచ్చింది. సీల్ వేటలో మనకు పాపమూ లేదు, దీవుల మీద హక్కు వాదనా లేదు. స్వాల్‌బార్డ్ తరహా రక్షణను అంటార్కిటికా అంతటికీ వర్తింపజేయాలని ప్రతిపాదించడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి? తన ఫలకాన్ని జాబితాకెక్కించుకున్న ఢిల్లీ పొరుగు శిథిలాల సంగతి వచ్చేసరికి నోరు మెదపకపోవడం క్షమించరానిది. వచ్చే సమావేశానికి ఉత్త చేతులతో వెళ్లే ప్రతినిధి బృందం అక్కడ వారసత్వం గురించి మాట్లాడకుండా ఉంటేనే మేలు.