గుర్రం మూత్రం సరే, ఐదో అంశం సంగతేమిటి?

ఆడవారి హార్మోన్ల గురించి ఫోన్లలో తిరుగుతున్న ఒక మెసేజీని మొదట మా పెద్దాడపడుచు పంపారు. తరువాత బరంపురంలో ఉండే స్నేహితురాలు. ఆ పైన మా వీధి మహిళల గ్రూపులో ఒకే రోజు మూడుసార్లు వచ్చింది. నిన్న ఒడియాలో కూడా దర్శనమిచ్చింది. తెలుగులో ఉన్న తప్పులు ఒక్కటి కూడా జారిపోకుండా ఎవరో శ్రద్ధగా అనువదించారు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుతున్నదాన్ని కాబట్టి నన్ను ‘ఇది నిజమేనా?’ అని ఎవరూ అడగరు. ‘అచ్చు తీసి షాపులో అంటించండి’ అంటారు.

మెసేజీ పేరు ‘ఆడవారి హార్మోన్లు: డాక్టర్లు దాచే ఏడు నిజాలు’. ఏడో నిజం ఏమిటంటే దీన్ని పదిమందికి పంపాలని. కనుక మిగిలింది ఆరు.

ఒకటి: బ్రాయిలర్ కోళ్ళకు ఆడ హార్మోన్ ఇంజెక్షన్లు పొడుస్తారట, అందుకే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారట. ఆ కోడి నలభై రోజుల్లో పెరిగేది దాని జాతి వల్ల, మేత వల్ల. ఐదువేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్కదాన్ని పట్టుకుని సూది వేసేవాడికి ఇచ్చే కూలితో ఇంకో షెడ్డు కట్టవచ్చు. కోళ్ళకు ఇష్టం వచ్చినట్టు వాడే యాంటీబయాటిక్స్ గురించి రాసి ఉంటే నేనే అంటించేదాన్ని.

రెండు: నెలసరి రక్తం చెడు రక్తమట, బయటికి పోకపోతే ఒళ్ళంతా విషమెక్కుతుందట. అలాగైతే తొమ్మిది నెలలు కడుపుతో ఉన్న ప్రతి ఆడదీ విషపు కుండే. ఈ మాట ఇంకెక్కడైనా నమ్మితే సరేననుకోవచ్చు. భూదేవి బయట చేరిందని జూన్ నడుమ మూడు రోజులు నాగలి పక్కన పెట్టి, ఆడపిల్లలకు ఊయలలు కట్టి, పొడపిఠా కాల్చి తినే ఊళ్ళో కూర్చుని దీన్ని పంపుతున్నారు. రజ పండుగకు మా వీధిలో ఊయల ఎక్కని తెలుగు పిల్ల లేదు. నాలుగో రోజు భూమికి స్నానం కూడా చేయిస్తారు గదా, విషం కడగడానికా?

ఆరోది మెంతినీళ్ళు: ఇరవై ఒక్క రోజుల్లో థైరాయిడ్, పీసీఓడీ అనే అండాశయాల సమస్య మాయం. తాగాలనుకుంటే తాగండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపకండి.

మూడో అంశం చూసి కడుపారా నవ్వుకుందామనుకున్నాను. ‘హార్మోన్ మాత్రలు గుర్రం మూత్రంతో చేస్తారు’ అని ఉంది. నవ్వడం కుదరలేదు, ఎందుకంటే అది నిజం. 1942లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ప్రెమారిన్ అనే మాత్రను (ముట్లుడిగినవారికి ఇచ్చే ఆడ హార్మోన్, ఈస్ట్రోజన్) చూడి గుర్రాల మూత్రం నుంచే తీశారు. ఇంగ్లీషులో ఆ మూడు మాటల ముక్కలు కలిపే పేరు కూడా పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఈస్ట్రడయాల్ అలాంటిది కాదు. పెండలం జాతి దుంపల నుంచో, సోయా నుంచో తీసిన పదార్థాన్ని మార్చి తయారుచేస్తారు. అయినా ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. ఆరింటిలో ఒకటి సరిగ్గా రాశారు.

ఇక నాలుగు, ఐదు. వీటికోసమే ఈ రాత. నాలుగు: ‘హార్మోన్ మాత్ర వేసుకుంటే కాన్సర్ ఖాయం.’ ఐదు: ‘పిల్లలు పుట్టాక గర్భసంచి వృథా. అన్నీ కలిపి తీయించేసుకుంటే హార్మోన్ల గొడవే ఉండదు, కాన్సర్ భయమూ ఉండదు.’

ఐదోదాన్ని రాసినవారు దయతోనే రాశారనుకుంటాను. మన భాషలోనే ఆ మోసం ఉంది. సంచి అన్నాం. బియ్యం ఖాళీ అయిన సంచిని దులిపి పారేస్తాం కదా, ఇదీ అంతే అనుకుంటారు. ‘పెద్ద ఆపరేషన్’ అని పల్లెల్లో ఎంత తేలికగా అంటారంటే పన్ను పీకించుకున్నట్టే. గర్భసంచి తీయించుకున్నవారి నిష్పత్తిలో ఆంధ్ర, తెలంగాణ దేశంలోకెల్లా ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మనం రాష్ట్రం ఇవతల ఉన్నా చుట్టరికాలూ ఆసుపత్రులూ అవతలే కాబట్టి ఆ అలవాటూ నది దాటి వచ్చింది.

‘అన్నీ కలిపి’ అన్న మాట దగ్గర ఆగండి. హార్మోన్లను తయారుచేసేది సంచి కాదు, దానికి చెరోపక్కన ఉండే అండాశయాలు. వాటినీ తీసేస్తే హార్మోన్ల గొడవ పోదు, హార్మోన్లే పోతాయి. మామూలుగా ముట్లుడిగేటప్పుడు కొన్నేళ్ళ మీద మెల్లగా తగ్గే ఈస్ట్రోజన్, ఆపరేషన్ బల్ల మీంచి దిగిన కొద్ది రోజులకే అడుగంటుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయ కాన్సర్‌తో పోయే ఆడవాళ్ళకంటే గుండెజబ్బుతో పోయేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. వంశంలో ఆ కాన్సర్ ఉన్నవారి లెక్క వేరు, అది డాక్టరు చూసి చెప్పవలసింది. మిగతావారికి ఇది దొంగ భయంతో ఇంటి గోడ పడగొట్టుకోవడమే.

పోయిన పుష్యమాసంలో కాశీనగర్ వైపు పల్లె నుంచి ఒకామె కాల్షియం మాత్రలకు వచ్చింది. వయసు ముప్పై ఆరు. బయట జనం శాలువాలు కప్పుకుని తిరుగుతుంటే ఆమె మా షాపు ఫ్యాను కింద నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ‘లోపలినుంచి ఆవిర్లు వస్తున్నాయమ్మా, రాత్రి పక్క తడిసిపోతోంది’ అంది. తెల్లబట్ట అవుతోందని వెళితే పెద్ద ఆపరేషన్ చేశారట. ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కాగితం ఇచ్చింది. అందులో ఇంగ్లీషులో మూడు అక్షరాలు, ఒక కూడిక గుర్తు, ఇంకో మూడు అక్షరాలు: టి.ఏ.హెచ్., బి.ఎస్.ఓ. మొదటి మూడింటికి గర్భసంచి తీసేశామని అర్థం. తరువాతి మూడింటికి రెండు అండాశయాలూ, వాటి నాళాలూ తీసేశామని. ఆ రెండో సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. ‘అంటే ఏమిటవి?’ అని అడిగింది.

ఇలాంటి వయసులో అండాశయాలు పోతే, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలనే వైద్యులు చెబుతారు. ఒక్క కాల్షియంతో ఆ లోటు తీరదు. ఆ మాటే అన్నాను. ఆమె ఫోను తీసి చూపించింది. నాలుగో అంశం. ‘వేసుకుంటే కాన్సర్ అట కదమ్మా?’

ఇదీ ఈ మెసేజీ పనితనం. ఐదో అంశంతో ఒంట్లో హార్మోన్ లేకుండా చేస్తుంది, నాలుగో అంశంతో మాత్ర జోలికి పోనివ్వదు. పామూ తనే, వైద్యుణ్ణి తరిమేదీ తనే.

ఆ కాన్సర్ భయం ఎక్కడిదో కూడా చెప్పాలి. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని 2002 జూలైలో మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ మందు వాడినవారిలో ఏడాదికి పదివేలమందికి 8 రొమ్ము కాన్సర్లు అదనంగా కనిపించాయి. పక్షవాతం, రక్తం గడ్డకట్టడం కూడా పెరిగాయి, దాచను. కాని ఆ స్త్రీల సగటు వయసు 63. పైగా అదే పరిశోధనలో గర్భసంచి లేనివారికి ఒక్క ఈస్ట్రోజనే ఇచ్చారు. వారిలో రొమ్ము కాన్సర్ పెరగలేదు. ‘ఖాయం’ అన్న మాట ఎక్కడినుంచి ఊడిపడిందో పదిమందికి పంపినవారే చెప్పాలి.

ఇంత రాసి ఒకటి దాచడం న్యాయం కాదు. నాకూ గర్భసంచి లేదు. నలభై నాలుగో ఏట గడ్డలు పెరిగి, నెలకు పదిహేను రోజులు రక్తం పోయి, హిమోగ్లోబిన్ ఆరుకు దిగింది. మందులు వాడాం, రక్తం ఎక్కించారు, చివరికి తీయించుకున్నాను. ఈనాటికీ ఆ డాక్టరమ్మకు మనసులో దండం పెట్టుకుంటాను. ఆపరేషనే పాపమని నేననను. కాకపోతే మందుల షాపు చలవ వల్ల ముందురోజు రాత్రి ‘అండాశయాలు ఉంచుతారా?’ అని అడగడం తెలిసింది. ఉంచారు.

ఆ కాశీనగర్ ఆమె తరువాత శ్రీకాకుళంలో ఒక డాక్టరును కలిసింది. ఇప్పుడు నెలనెలా చీటీ పట్టుకుని వస్తుంది, ఫ్యాను అడగదు. మొన్న ఆమె నంబరు నుంచే నాకు ఆ మెసేజీ వచ్చింది. ఒళ్ళు మండి తెరిచాను. నాలుగు, ఐదు తీసేసింది. మెంతినీళ్ళు మాత్రం ఉంచింది.