పాపం, బొగ్గు దొరలు!

చరిత్రకారులంతా కూలీల కన్నీళ్లే తుడుస్తారు. బ్రిటన్‌లోని సౌత్ వేల్స్ బొగ్గు గనుల దొరలు పడ్డ పాట్లు పట్టించుకున్న నాథుడు లేడు. అందుకే వాళ్ల తరఫున ఈ నాలుగు ముక్కలు.

1885లో అక్కడి రోండా లోయ గని కార్మికులు తమవాణ్ణే పార్లమెంటుకు పంపారు. పేరు విలియం అబ్రహాం, జనం నోట మేబన్. చిన్నప్పుడే గనిలో దిగినవాడు. ఓసారి సభలో వెల్ష్ భాష అందుకుంటే సభ్యులు పగలబడి నవ్వారట. "మీరు నవ్వింది పరలోక ప్రార్థనకండీ" అన్నాడట.

నిజానికి దొరలకు ఇంతకన్నా మంచి నాయకుడు ఎక్కడ దొరుకుతాడు? సమ్మె మాటెత్తితే మొహం చిట్లించేవాడు. మీటింగులో గొడవ రేగితే గొంతెత్తి కీర్తన అందుకునేవాడు, జనం తిట్లు మరిచి వంత పాడేవారు. పైగా స్లైడింగ్ స్కేల్‌ను సమర్థించాడు. బొగ్గు ధర పెరిగితే కూలి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దొరలు ఒకరితో ఒకరు పోటీపడి చవగ్గా అమ్ముకుంటే, ఆ నష్టంలో కూలీకీ వాటా ఇచ్చే ఔదార్యం అన్నమాట.

అంత మంచివాడూ ఒక పాడు పని చేశాడు. నెలలో మొదటి సోమవారం గనులకు సెలవన్నాడు. బొగ్గు తక్కువ తీస్తే ధర నిలబడుతుంది, ధర నిలబడితే కూలి నిలబడుతుంది. దొరల సూత్రం దొరలకే అప్పజెప్పడం కాదూ ఇది! 'మేబన్ సోమవారం' పేరిట దాదాపు పదేళ్లు భరించారు, పాపం. 1898లో పది శాతం పెంచమన్న కార్మికులను నెలల తరబడి గని బయటే నిలబెట్టి, పస్తులు పెట్టి గెలిచాక గానీ ఆ సోమవారం పీడ విరగడ కాలేదు. ఓడినవాళ్లు బుద్ధిగా ఇంటికి పోతారా? ఆ ఏడే గని కార్మికుల సమాఖ్య పెట్టుకున్నారు. అధ్యక్షుడు మళ్లీ మేబనే.

1908లో గనిలో రోజుకు ఎనిమిది గంటలే పని అనే చట్టం వచ్చిపడింది. అయితే పార్లమెంటు మరీ కఠినం కాదు. షిఫ్టులో ఆఖరివాడు దిగడం మొదలెట్టాకే గడియారం మొదలు, మొదటివాడు పైకి రాగానే బంద్. ముందు దిగి వెనక ఎక్కినవాడు చీకట్లో గడిపిన మిగతా సమయం విహారం కింద జమ.

1911 చట్టం ఇంకో బెడద. గనిలోకి గాలి పంపే ఫ్యాన్లు అవసరమైతే ఎదురు దిశలోనూ తిరిగేలా మార్చాలట. సెంగెనిడ్ గనిలో ఆ పని గడువు పొడిగించినా కాలేదు. 1913 అక్టోబరు 14న పేలుడు. 439 మంది గని కార్మికులు పోయారు. మేనేజరుకు 24 పౌండ్ల జుల్మానా, అంటే పోయినవాళ్ల తలకు షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు) పైచిల్లర. కంపెనీ మీది కేసులు మొదట కొట్టేశారు. న్యాయం ఇంకా బతికే ఉందని దొరలు ఊపిరి పీల్చుకునేలోపే, అప్పీలులో నిర్దాక్షిణ్యంగా 10 పౌండ్లు వేశారు.