అసిమోవ్ ఆ ఏళ్లు వృథా కాలేదు
1958లో బోస్టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మానేసి సైన్స్ వ్యాసాల్లో పడిపోవడంతో అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్‌లోని కథకుడికి పాతికేళ్లు వృథా అయ్యాయన్న మాట నాకు మింగుడుపడలేదు. ఆ మధ్యలోనూ కథలు ఆగలేదు. 1972లో వచ్చిన నవల ‘ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్’కు సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. అయినా నా పేచీ అవార్డుల గురించి కాదు. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. అణువులను లెక్కపెట్టే మోల్ కాన్సెప్ట్ అనగానే సగం క్లాసు తెల్లమొహం వేస్తుంది. అక్కడ నన్ను ఆదుకున్నవి ఆయన రోబో కథలు కాదు, ఒక పత్రికకు నెలనెలా రాసిన వ్యాసాలు. మొత్తం 399 అవి! ఎవరు, ఎందుకు తల పట్టుకున్నారో ముందు చెప్పి, తర్వాతే లెక్కలోకి దిగుతారాయన. నేనూ ఇప్పుడు ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం ఉన్న వాయువుల్లో అణువుల సంఖ్య సమానమేనని 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో చెప్పిన మాటను 1860 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతితోనే మొదలుపెడుతున్నాను. వెనక బెంచీ వాళ్లు కూడా ఫోన్ పక్కన పెట్టి వింటారు. పత్రిక పేరులో ‘సైన్స్’ ఉంది కదా అని నాన్నను ఒప్పించి, బ్రూక్లిన్‌లోని సొంత మిఠాయి కొట్లోనే సైన్స్ ఫిక్షన్ కథల పత్రికలు చదివిన పిల్లాడు అసిమోవ్. సైన్స్‌నూ కథనూ విడదీయమంటే ఎట్లా? నిజానికి గెలాక్సీ సామ్రాజ్యం గురించిన తన పాత ‘ఫౌండేషన్’ కథలకు కొనసాగింపుగా 1982 నుంచి ఆయన రాసిన నవలలే నాకు కాస్త సాగదీసినట్టు అనిపిస్తాయి.