డెట్రాయిట్ నుంచి రీబిల్డ్ గారికి

మహారాజశ్రీ రీబిల్డ్ గారికి,

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు అభిమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఊరు వదిలి వెళ్లాక మరీ క్షేమం.

పాత జట్టుని విప్పేసి కుర్రాళ్లతో మళ్లీ మొదటినుంచి కట్టడమనే మీరు, మా దగ్గర చాలా ఏళ్లు మకాం వేశారు. అద్దె అడిగినవాళ్లు లేరు, ఎప్పుడు ఖాళీ చేస్తారని నిలదీసినవాళ్లూ లేరు. పైగా ఎంత మర్యాద! ఊరికే ఓడిపోతే ఓటమి అంటారు, మీ పేరు చెప్పి ఓడిపోతే ప్రణాళిక అంటారు. 30 పాయింట్ల తేడాతో చిత్తయినా, 'కుర్రాళ్లు కదా, నేర్చుకుంటున్నారు' అని ఒక మాట అనేస్తే సరిపోయేది. ఏం నేర్చుకుంటున్నారో అడిగితే మాత్రం ఎవరూ పలకరు.

2023-24 సీజన్ మీ హయాంలో స్వర్ణయుగం. మొదటి మూడు ఆటల్లో రెండు గెలిచేసరికి డెట్రాయిట్ శివార్లలోని నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే ప్లేఆఫ్స్ లెక్కలు మొదలయ్యాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తర్వాత అక్టోబర్ 30 నుంచి డిసెంబర్ 28 దాకా వరసగా 28 ఆటలు ఓడాం. ఒకే సీజన్లో ఇన్ని వరస ఓటములు ఎన్‌బీఏలో అంతకుముందు ఎవరికీ లేవు. క్రిస్మస్ మర్నాడు బ్రూక్లిన్ మీద మా కేడ్ కన్నింగ్‌హామ్ 41 పాయింట్లు కొట్టాడు. అందులో 37 రెండో సగంలోనే. పాపం, 22 ఏళ్ల కుర్రాడు ఒక్కడే బండి లాగాడు. అయినా ఓడాం. లిటిల్ సీజర్స్ అరీనాలో జనం 'టీమ్ అమ్మెయ్' అని ఓనర్ టామ్ గోర్స్‌కి వినపడేలా అరిచారు. మిమ్మల్ని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదీ మీ మహిమ.

మీ ఆస్థాన గురువుగా మాంటీ విలియమ్స్‌ని తెచ్చారు. 2022లో ఫీనిక్స్‌ని 64 ఆటలు గెలిపించి ఉత్తమ కోచ్ అవార్డు అందుకున్న మనిషి. ఆరేళ్లకు 7 కోట్ల 85 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. అప్పటికి ఏ ఎన్‌బీఏ కోచ్‌కీ అంత పెద్ద కాంట్రాక్టు లేదు. వచ్చీ రాగానే ఏం చేశారు? డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతిలో, ఐదో నంబరుగా తెచ్చుకున్న జేడెన్ ఐవీని బెంచీ మీద కూర్చోబెట్టి, కిలియన్ హేస్‌ని ఆడించారు. ఫిబ్రవరికల్లా ఆ హేస్‌ని జట్టే వదిలేసుకుంది. ఇంకో ముచ్చట కూడా ఉంది. ఉన్న ఐదుగురు అసలు ఆటగాళ్లనీ ఒకేసారి పక్కకి పిలిచి, బెంచీలో ఐదుగురినీ ఒకేసారి దింపడం. కేడ్ చెమటోడ్చి తెచ్చిన ఆధిక్యం, అతను నీళ్లు తాగి వచ్చేలోపు హారతి కర్పూరం.

డిఫెన్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అవతలి పొడుగాటి మనిషి వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే మనవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. మనవాళ్లిద్దరూ బంతి పట్టుకున్నవాడి మీదికే పోతారు. స్క్రీన్ పెట్టినవాడు తాపీగా బుట్ట వైపు నడుస్తాడు. అతన్ని ఆపడానికి మూలన కాపలా ఉన్న మనవాడు ఒక అడుగు లోపలికి వేస్తాడు, మళ్లీ అనుమానం వచ్చి సగంలో ఆగుతాడు. బంతి మూలకి వెళ్తుంది. మూడు పాయింట్లు. ఆ వెంటనే మా జట్టులో ఇద్దరు ఒకళ్ల వైపు ఒకళ్లు అరచేతులు చాపుతారు, 'అది నీ మనిషి కదా' అన్నట్టు. ఆ సీజన్ మొత్తంలో మా వాళ్లు ఠంచనుగా, తడబాటు లేకుండా చేసిన కదలిక అదే. 28వ ఓటమి బోస్టన్‌లో. సగం ఆటకి మేం 19 పాయింట్లు ముందున్నాం. మూడో క్వార్టర్ అయ్యేసరికి స్కోరు సమానం. ఓవర్‌టైమ్‌లో ఓడాం.

ఇదెక్కడ జరిగింది? డిఫెన్స్‌తోనే బతికిన ఊళ్లో! 2004 మార్చిలో పిస్టన్స్ వరసగా ఐదు జట్లని 70 పాయింట్ల లోపు కట్టేసిన ఊరిది. అదే ఏడాది షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్‌ని ఫైనల్స్‌లో 4-1తో ఇంటికి పంపింది. అప్పటి మా జట్టులోని బెన్ వాలస్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనే లేదు. చాన్సీ బిలప్స్‌ని అంతకుముందు ఎన్ని జట్లు చేతులు మార్చాయో! తమరికి ప్రాణప్రదమైన డ్రాఫ్ట్‌లో 2003లో రెండో నంబరుకి తెచ్చిన డార్కో మిలిచిచ్ ఉన్నాడు చూడండి, అతను బెంచీ మీద కూర్చునే చాంపియన్ అయ్యాడు. మీతో పని లేకుండా కప్పు గెలిచిన ఊరని మీకు కోపం కాబోలు.

పోనీ, ఓడినందుకు, డ్రాఫ్ట్‌లో ముందు ఎంచుకునే వంతు ఎవరిదో తేల్చే లాటరీలోనైనా ఫలం దక్కిందా? 2023లో లీగ్‌లో అందరికన్నా అడుగున, 17-65. మొదటి నంబరు వచ్చి, అందరూ కోరుకున్న కుర్రాడు వెంబన్యామా వస్తాడని ఆశపడ్డాం. ఐదో నంబరు వచ్చింది. 2024లో 14-68, మళ్లీ అందరికన్నా అడుగున. మళ్లీ ఐదో నంబరే. 2022లోనూ ఐదే. మొదటి పిక్ దక్కే అవకాశం 14 శాతమేనని ముందే తెలిసినా, ఓడితే చాలు దేవుడు దిగొస్తాడన్నట్టు నమ్మించారు చూడండి, ఆ నైపుణ్యానికి దండం పెట్టాలి.

ఆ జూన్‌లో విలియమ్స్‌ని పంపించేశారు. ఐదేళ్ల జీతం బాకీ ఉండగానే. తప్పంతా ఆయనదని నేననను. మూడు పాయింట్లు వేసేవాళ్లు సరిపడా లేకుండా, కేడ్ చుట్టూ ముగ్గురేసి గుమిగూడేలాంటి జట్టుని చేతికిచ్చారు. తిలా పాపం తలా పిడికెడు. జనరల్ మేనేజర్ కూడా వెళ్లారు. జె.బి. బికర్‌స్టాఫ్ వచ్చారు. మాలిక్ బీస్లీ, టోబయాస్ హారిస్ లాంటి అనుభవజ్ఞులు వచ్చారు. మిగతాది అదే కేడ్, అదే డ్యురెన్, అదే ఆసార్ థాంప్సన్, అదే ఐజయా స్టూవర్ట్. మరుసటి ఏడాది 44 ఆటలు గెలిచారు. ఒక 82 ఆటల సీజన్ నుంచి మరో 82 ఆటల సీజన్‌కి గెలుపులు మూడు రెట్లు చేసిన మొదటి ఎన్‌బీఏ జట్టు అదే. ప్లేఆఫ్స్‌లో వరసగా 15 ఆటలు ఓడిన రికార్డు కూడా మాదే, దానికి న్యూయార్క్‌లో తెరపడింది. ఆరో ఆటలో నిక్స్ చేతిలో సిరీస్ పోయింది గానీ, ఆసార్ మనిషిని వదలకుండా అంటుకుని కాపలా కాస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు. ఈ కుర్రాళ్లకి నేర్పితే వస్తుందన్న సంగతి తమరు ఇన్నేళ్లూ ఎక్కడ దాచారండీ?

ఈమధ్య మీ ఆచూకీ తెలిసింది. 2024-25లో యూటా జాజ్ 17-65తో లీగ్‌లో అట్టడుగున నిలిచింది. ఆడగలిగిన లౌరి మార్కనెన్‌ని కూర్చోబెట్టారని లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది. తీరా లాటరీ తీస్తే వాళ్లకి ఐదో నంబరు వచ్చింది. 1.8 శాతం అవకాశమున్న డాలస్ మొదటి పిక్ ఎగరేసుకుపోయింది. ఐదో నంబరు చూడగానే తమరి చేతివాటమేనని పోల్చుకున్నాను. సాల్ట్ లేక్ సిటీలో చలి ఎక్కువట, ఆరోగ్యం జాగ్రత్త. తిరుగు టపాలో జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
నోవై నుంచి ఒక పిస్టన్స్ అభిమాని